టెంకాయ పాయింటు

"మీ నాయన విన్నాడామ్మా ఇది?" అని అడిగినాడు ఆ పెద్దాయన.

అనంతపురంలో ఒక కాలేజీ హాల్లో రెండు రోజులు సైన్సు రచయితల సమావేశం. ఫిబ్రవరి నెల. అప్పటికి నేను బళ్ళో సైన్సు చెప్పబట్టి ఆరేళ్ళు. మూడు పేజీల వ్యాసం రాసుకుని పోయినాను. బోరు వేసే ముందు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది నిక్కి నిలబడినచోట నీళ్ళున్నాయని పాయింటు పెట్టడం మన జిల్లాలో అందరికీ తెలిసిందే. నా వ్యాసం దాని మీద. అందులో మా బా కథ ఉంది. బా అంటే మా గోర్ భాషలో నాన్న. నాలుగు బోర్లు వేసినాడు, నాలుగూ ఎండిపోయినాయి. "టెంకాయ నిలబడింది, మా బా కూలబడినాడు" అని ఒక వాక్యం రాసినాను. ఆ వాక్యానికి హాలంతా నవ్వింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టినారు. నాకు చాలా సంతోషమైంది.

అప్పుడు వెనక వరుసలో నుంచి ఆయన లేచి ఆ ప్రశ్న అడిగినాడు. రిటైరైన భౌతికశాస్త్రం లెక్చరరు. వినలేదు సార్ అన్నాను. "వినిపించి తీసుకురామ్మా. అచ్చు సంగతి తర్వాత చూద్దాం" అని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. వ్యాసంలో తప్పేమన్నా ఉంటే చెప్పాలి గానీ, మా ఇంట్లో ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అనేది సభలో అడిగే ప్రశ్నా?

ఇలాంటి సమావేశాలకు మన తండాల నుంచి, గూడేల నుంచి పోయేవాళ్ళు తక్కువ. కాబట్టి అక్కడ ఏముంటుందో కొంచెం చెప్తాను. వచ్చేవాళ్ళలో పెద్ద శాస్త్రవేత్తలు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగిలినవాళ్ళు బడిపంతుళ్ళు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆకాశవాణిలో పనిచేసేవాళ్ళు, ఒక పశువుల డాక్టరు. పొద్దున ఉగ్గాని బజ్జీ తింటూ మొదలుపెడితే మాటలు తెగవు. వేదిక మీద జరిగేది మామూలే, దండలు, శాలువాలు, అధ్యక్షోపన్యాసం. అసలు సమావేశం టీ గ్లాసుల దగ్గర జరుగుతుంది. ఒకరు రాసింది ఇంకొకరు అక్కడే విప్పి చూస్తారు. "నువ్వు సూక్ష్మజీవి అన్నది బ్యాక్టీరియానా, వైరస్సా? రెండూ ఒకటి కాదు కదా" అని పట్టుకుంటారు. మాటల మీద కొట్లాటలైతే చెప్పనక్కర్లేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర గంటసేపు నడిచింది ఒక్క మాట మీదే. భూగర్భజలం అనాలా, భూమిలోపలి నీళ్ళు అనాలా, గ్రౌండ్ వాటర్ అంటే సరిపోదా? అమెరికాలో కంప్యూటర్ ప్రొఫెసరుగా ఉంటూ వేమూరి వేంకటేశ్వరరావు సైన్సు మాటలకు తెలుగు వెతికి నిఘంటువు కూర్చినాడని ఒకరు, అది సరేగానీ బోరు లారీవాడికి ఏ మాట తెలుస్తుందో అదే రాయాలని ఇంకొకరు. నాకు లోపల నవ్వొచ్చింది. నాకు నీళ్ళంటే మొదట పాణి, బడికొచ్చాక నీళ్ళు, కాలేజీలో వాటర్. వీళ్ళ గొడవ రెండు మాటల మధ్యే, నాది మూడిటి మధ్య.

ఇలా కూర్చుని మాట్లాడుకోవడం కొత్తగా మొదలైంది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు వాళ్ళు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి, చరిత్ర పుస్తకాలతో పాటు విజ్ఞానశాస్త్ర పుస్తకాలు కూడా తెలుగులో వేసినారు. కేరళలో 1962లో మలయాళంలో సైన్సు రాసే కొద్దిమంది కోళికోడ్‌లో కలుసుకుని పెట్టుకున్న సంఘమే శాస్త్ర సాహిత్య పరిషత్తు. అది తర్వాత ఊరూరా పాకింది. మన దగ్గర 1988లో జనవిజ్ఞాన వేదిక వచ్చింది, దానితో చెకుముకి పత్రిక వచ్చింది. మన బళ్ళలో చాలామంది పిల్లలు చెకుముకి పరీక్ష రాసే ఉంటారు. ఢిల్లీలో ఫిజికల్ లేబరేటరీలో పనిచేస్తూ పిల్లల కోసం రాసిన మహీధర నళినీమోహన్, బొంబాయిలో అణుశాస్త్రంలో ఉద్యోగం చేస్తూ సితార్ వాయించిన కొడవటిగంటి రోహిణీప్రసాద్, మన అనంతపురం జిల్లాలోనే పుట్టి ఆకాశవాణిలో పనిచేసిన నాగసూరి వేణుగోపాల్, ఈ పేర్లన్నీ ఆ రెండు రోజుల్లో ఎవరో ఒకరి నోట విన్నాను. రోహిణీప్రసాద్ పేరు వచ్చినప్పుడు మాట సైన్సు మీద నుంచి రాగాల మీదికి పోయింది, మళ్ళీ సైన్సుకు రావడానికి చాలాసేపు పట్టింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఒకచోట సమావేశానికి మొదటిసారి పిలిచినప్పుడు నన్ను "లంబాడీ నృత్యం గురించి పది నిమిషాలు" మాట్లాడమన్నారు. నేను వాన గురించి మాట్లాడతానన్నాను. చివరికి వందన సమర్పణ ఇచ్చినారు. పిలిచినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకు తండా అంటే అద్దాల రైకే గుర్తొస్తుంది. మీలో ఎవరినైనా అట్ల పిలిస్తే పోండి, కానీ మీకు తెలిసింది మాట్లాడండి. తీజ్‌లో తొమ్మిది రోజులు బుట్టలో గోధుమ మొలకలు పెంచిన పిల్లకు విత్తనం ఎట్ల మొలుస్తుందో పుస్తకం చూసి చెప్పాల్సిన పని లేదు.

ఆ రాత్రి ఆడవాళ్ళం ముగ్గురం, మగవాళ్ళు పదిమంది దాకా కాలేజీ మేడ మీద కూర్చున్నాం. కరెంటు పోయింది. పోవడమే మంచిదైంది. పిల్లలకోడి నడినెత్తి దాటి పడమటికి వాలుతోంది. ఒకాయన చిన్న బైనాక్యులర్స్ తెచ్చినాడు, అందరం వంతులవారీగా చూసినాం. అక్కడ నీళ్ళ మీద మాట మళ్ళీ వచ్చింది. 2000 తర్వాతి ఏళ్ళలో మన జిల్లాతో కలిపి 7 కరువు జిల్లాల్లో రైతులే తమ ఊళ్ళో వాన కొలుచుకుని, బోర్లలో నీటిమట్టం కొలుచుకుని, రబీకి ముందు అందరూ ఒకచోట చేరి, లోపల ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్న పథకం ఒకటి నడిచింది. దాన్ని చూసినాయన అక్కడుండి చెప్పినాడు. "లెక్క వాళ్ళదే కాబట్టి వాళ్ళు నమ్మినారు. మేము రాసిచ్చి ఉంటే గోడకు అంటించి పోయేవాళ్ళు" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. పొద్దుటి ప్రశ్న కడుపులో ఇంకా తిరుగుతోంది.

ఇంక మా బోర్ల సంగతి.

మాది గుత్తి దిక్కు తండా. ఎర్రనేల, అడుగు లోతు దాటితే గరుసు, ఆ కింద బండ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అని నేనే పిల్లలకు బోర్డు మీద రాస్తాను. అది ఏ ఏడాది ఎన్ని దఫాల్లో పడుతుందో, శెనక్కాయ ఊడ దిగేటప్పుడు పడుతుందో లేదో ఆ అంకె చెప్పదు. నైరుతి గాలి పడమటి కనుమలు దాటేసరికి తేమ వదిలేసి వస్తుంది. ఈశాన్య గాలి కోస్తాలో దించుకుని వస్తుంది. రెండిటి మధ్యలో మనం. వాన మీద నమ్మకం పోయినవాడు బోరు మీద పడతాడు.

బా మొదటి బోరుకు టెంకాయ తాతను పిలిచినాడు. పక్క ఊరాయన. పీచు తీసిన టెంకాయను పిలక ముందుకు పెట్టి అరచేతిలో పడుకోబెట్టుకుని నడుస్తాడు. ఒకచోట అది లేచి నిలబడింది. బోరు లారీ వచ్చింది. రాత్రంతా తెల్లని దుమ్ము లేచింది. తెల్లదుమ్ము అంటే వట్టి బండ అని తండాలో పసిపిల్లలకు కూడా తెలుసు. రెండోది కూడా తాతే. మూడోదానికి ఎద్దులు అమ్మి, పట్నం నుంచి యంత్రం తెచ్చేవాళ్ళను పిలిపించినాడు. నాలుగు ఇనుప కమ్మీలు నేలలో దిగ్గొట్టి, కరెంటు పంపి, లోపల ఎక్కడ సులువుగా పారుతుందో కొలిచినారు. కాగితం మీద గీతలు గీసి పాయింటు పెట్టినారు. అదీ పడలేదు. నాలుగోది మళ్ళీ తాత.

నా వ్యాసంలో మొదటిది, రెండోది, నాలుగోది ఉన్నాయి. మూడోది కూడా ఎండిన బోర్ల లెక్కలో వేసినాను గానీ, దాని పాయింటు ఎవరు పెట్టినారో రాయలేదు. వ్యాసం టెంకాయ మీద కాబట్టి యంత్రం గొడవ ఎందుకని వదిలేసినాను. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు.

మిగతాదంతా సరిగ్గానే రాసినాను. టెంకాయ లేవడానికి కింది నీళ్ళు కారణం కాదు, చెయ్యే కారణం. మనం కదిలిస్తున్నామని మనకే తెలియకుండా చేతి కండరాలు చేసే చిన్న కదలికలకు కార్పెంటర్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1852లోనే ఒక పేరు పెట్టినాడు. వేపకొమ్మ పంగ వంగేదీ అందుకే. 1987-88లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో పరీక్ష చేసినారు. కింది అంతస్తులో నీళ్ళ గొట్టాన్ని అటూ ఇటూ జరుపుతారు, పై అంతస్తులో కొమ్మ పట్టుకున్నవాళ్ళు అది ఎక్కడుందో చెప్పాలి. చేసినవాళ్ళు కొందరికి ఆ శక్తి ఉందన్నారు. తర్వాత ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ లెక్కలే మళ్ళీ తిరగేసి, కళ్ళు మూసుకుని అంచనా కొట్టినా ఇంతే వస్తుందని తేల్చినాడు. మరి టెంకాయ తాత పెట్టిన పాయింట్లలో కొన్ని పడినాయి కదా అంటే, పడినవాటి కథ పదేళ్ళు చెప్పుకుంటాం, పడనిదానికి రాయి మూతపెట్టి మాట్లాడకుండా ఉంటాం.

ఇదంతా ఉంది వ్యాసంలో. ఒక ఆదివారం తీసుకుని ఇంటికి పోయినాను.

బాకు తెలుగు వస్తుంది, యాడికి అంతగా రాదు. అందుకని చదువుతూ గోర్‌లోకి తిప్పి చెప్పినాను. సగం చోట్ల ఆగిపోయినాను. నేల కింద సంచిలో నీళ్ళున్నట్టు ఉండవు, బండ పగుళ్ళలో ఉంటాయి అని చెప్పడానికి నాకు మాట దొరకలేదు. యాడి తన మడమ చూపించి, "ఇట్లనా? కాళ్ళు కడిగితే ఈ పగుళ్ళలో చేరినట్టా?" అంది. అట్లనే. కాలేజీ హాల్లో అంతమంది కలిసి ఆ పోలిక వెతికి ఉంటే దొరికేదో లేదో.

కూలబడినాడు అన్న వాక్యం వచ్చింది. దాన్ని మింగేద్దామనుకున్నాను. చదివేసినాను. బా నవ్వలేదు, కోపం చేయలేదు. కొంతసేపటికి, "యంత్రం బోరు దీంట్లో లేదే?" అన్నాడు.

నేను కమ్మీలు, కరెంటు, తడిసిన మెత్తరాయిలో కరెంటు సులువుగా పారడం, అదే బంకమట్టి ఉన్నా అట్లనే పారి మోసం చేయడం, లోతున ఉండే సన్న పగులు ఆ కొలతకు అందకపోవడం, అన్నీ చెప్పినాను. బా విన్నాడు. ఆ తర్వాత మా భాషలో ఆయన అన్నది తెలుగులో ఇదీ: "అదంతా నువ్వు ఇప్పుడు చెప్తాండావు. ఆ పొద్దు వాళ్ళు చెప్పలేదు. కాగితమిచ్చి, దుడ్లు తీసుకుని, జీపెక్కి పోయినారు. తాత రాత్రంతా లారీ దగ్గర నాతో కూర్చున్నాడు. దుమ్ము తెల్లగా లేస్తాంటే ఆయన కూడా ఏడ్చినాడు. సగం దుడ్లు వెనక్కిచ్చినాడు. నీకు టెంకాయే కనపడిందా?"

నేను ఆ రాత్రి హాస్టల్లో చదువుకుంటున్నాను. నాకు ఇది తెలియదు.

తర్వాతి సమావేశంలో వ్యాసం చదవలేదు. జరిగింది మాత్రం చెప్పినాను. ఈసారి ఎవరూ నవ్వలేదు గానీ, రెండు జట్లయినారు. ఒకాయన, "తాత మంచివాడైతే కావచ్చు, చెప్పేది అబద్ధమే కదా. ఊరందరి ముందర కళ్ళకు గంతలు కట్టి పరీక్ష పెడదాం, గుట్టు బయటపడుతుంది" అన్నాడు. బాబాల మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు చేసి అలవాటైన మనిషి, బాగా చేస్తాడు కూడా. నేను వద్దన్నాను. కోట్లు గడించిన బాబా వేరు, కూలి దొరకని రోజు టెంకాయ పట్టుకునే ముసలాయన వేరు. ఆయన మనవడు నా క్లాసులోనే ఉన్నాడు. "నువ్వు మీ వాళ్ళని వెనకేసుకొస్తున్నావు" అన్నారు. తాత మా వాడు కాదు, మా కులమూ కాదు అన్నాను. గొంతులు లేచినాయి. టీ చల్లారిపోయింది. వరాహమిహిరుడు బృహత్సంహితలో నీళ్ళ గుర్తులకు ఒక అధ్యాయమే రాసినాడు, పుట్టలను బట్టి, చెట్లను బట్టి చూడమన్నాడు, తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇ.ఎ.వి. ప్రసాద్ దాని మీద పనిచేసినాడు, పాతదంతా చెత్త కాదు అని ఒకరు మధ్యలో దూరినారు. చెట్టు వేరు తడి కోసం పోతుంది, దానికి కారణం ఉంది, టెంకాయకు ఏముంది అని ఇంకొకరు. వెనక వరుస పెద్దాయన అప్పటిదాకా ఊరకుండి, "మనం ఇక్కడ అరుచుకునేది అక్కడ పోయి కూర్చుని మాట్లాడకూడదా? అమ్మా, మీ తండాకు రావచ్చా?" అన్నాడు.

అట్ల వచ్చినారు ఐదుగురు. శెనక్కాయ పెరికి ఎండబెట్టిన రోజులు. సేవాభయ్యా గుడి ముందర సాయంత్రం మంచాలు వేసినాం. నాయక్ వచ్చినాడు, ఆడవాళ్ళు వచ్చినారు, పిలవకుండానే పిల్లలందరూ వచ్చినారు. టెంకాయ తాతను బా పోయి పిలుచుకొచ్చినాడు. గంతల పరీక్ష అడిగినాయన మొదట కొంచెం బిగుసుకుని కూర్చున్నాడు. సంగటి, బుడ్డల చట్నీ తిన్నాక సర్దుకున్నాడు.

ఉపన్యాసం లేదు. నాయక్ ఒక చాట నిండా శెనక్కాయలు తెప్పించినాడు. తండాలో వేసిన ఒక్కో బోరుకు ఒక కాయ. పాయింటు ఎవరు పెట్టినారు, ఎన్ని అడుగులు, నీళ్ళు పడినాయా, ఇప్పుడు ఉన్నాయా. ఒక మంచం మీద టెంకాయ బోర్లు, ఇంకో మంచం మీద యంత్రం బోర్లు, మూడో మంచం మీద సొంతంగా తోచినచోట వేసుకున్నవి. పడినవి తలాపున, పడనివి కాళ్ళవైపు. మొదట్లో అందరూ పడినవే చెప్పినారు. తర్వాత ఒకామె, "మా బావ వేసినది మరిచినారే, కందిచేనులోది" అంది. అక్కడి నుంచి రాయి మూతల కింది బోర్లన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చినాయి. కొన్ని అప్పులు కూడా బయటికొచ్చినాయి. ఒకాయన తన కాయ పెట్టి లేచి చీకట్లోకి పోయినాడు, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

మూడు మంచాల మీదా కాళ్ళవైపే కుప్ప పెద్దది. ఏ మంచమూ తక్కిన రెండిటి కంటే గట్టిగా మేలని చెప్పడానికి లేదు. ఇన్ని కొద్ది బోర్లతో తేల్చకూడదని పెద్దాయన గుర్తుచేసినాడు. టెంకాయ తాత తన మంచం దగ్గర వంగి, కాళ్ళవైపు కాయలు వేలితో ఒక్కొక్కటే తాకుతూ ఎంచినాడు. "ఇన్నా?" అన్నాడు. అంతే. ఇంకెవరూ ఆయన్ని ఏమీ అనలేదు. గంతలాయన కూడా అనలేదు.

అప్పుడు యాడి లేచి వచ్చింది. మంచాల మీది నుంచి తలాపు కాయలన్నీ తీసి ఒళ్ళో వేసుకుని, నేల మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఆ చేను ఉన్న దిక్కున పెట్టడం మొదలుపెట్టింది. ఇది గుడి, ఇది బాట, ఇది కుంట. పెట్టి పెట్టి, "అన్నీ కుంట కిందవే కదే" అంది నాతో. వంగి చూసినాం. రెండు మూడు తప్ప అన్నీ కుంట కింద వంక పొడుగునా ఒక వరసలో ఉన్నాయి. మా నాలుగు బోర్లూ మెట్ట మీద.

వచ్చినవాళ్ళలో భూగర్భశాస్త్రం చదివినాయన ఒకడున్నాడు. వంక వెంబడి బండ ఎక్కువ లోతు దాకా చివికి ఉంటుంది, కుంటలో నిలిచిన నీళ్ళు అందులోకి దిగుతాయి, మెట్ట మీద గరుసు పలచన కాబట్టి నిలవవు అని చెప్పినాడు. మడమ పోలిక నేను అందించినాను. కుంటలో పూడిక తీసి ఎన్నేళ్ళయింది అని నాయక్‌ను ఎవరో అడిగినారు. ఆయన లెక్కపెట్టుకుంటూ పోయి, తన పెళ్ళికి ముందు అన్నాడు. ఆ మాట మీద ఇంకో గంట నడిచింది. నేను నోటుపుస్తకంలో యాడి పెట్టిన కాయలను చూసి పటం గీసుకున్నాను, కాళ్ళవైపువి కూడా ఎక్కడెక్కడివో అడిగి గుర్తు పెట్టుకున్నాను.

వ్యాసం మళ్ళీ రాసినాను. కూలబడిన వాక్యం తీసేసినాను. మూడో బోరు చేర్చినాను, తాత వెనక్కిచ్చిన దుడ్లు చేర్చినాను. టెంకాయ చేతి వల్లే లేస్తుందన్న మాట మాత్రం ఒక్క అక్షరం మార్చలేదు. తాతకు కూడా చదివి వినిపించినాను. ఆయన, "కావచ్చు లేమ్మా. నాకు మాత్రం అదే లేచినట్టు ఉంటుంది" అన్నాడు.

ఆ రాత్రి పటం గీయడం ముగించి తల ఎత్తేసరికి పిల్లలు నేల మీది కాయలు, మంచాల మీది కాయలు ఏరుకుని ఒలుచుకుని తింటున్నారు. పడినవీ పడనివీ అన్నీ అయిపోయినాయి. బా కూడా ఒక కాయ తీసుకుని నములుతూ, "ఇది మన మూడోదేమో" అన్నాడు.